బాగ్దాదు నంబరు బండిలో ఇంటికి

మా రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌కు పోయినవాళ్ళే. అందరూ విమానమెక్కి పోయి, రెండేళ్ళకోసారి అట్టపెట్టెలు తాళ్ళతో కట్టుకుని మళ్ళీ విమానంలోనే వచ్చేవాళ్ళు. ఆ ఎడారి దేశం నుంచి నేలమీద బండి నడుపుకుంటూ ఇంటిదారి పట్టింది మాత్రం మా తరంవాళ్ళమే. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఏడు, సెప్టెంబరు చివర నేను ఆ దారిన వచ్చాను. ఇప్పుడు ఆ దారిన ఎవరూ రారు, రావలసిన అవసరం ఎవరికీ కలగకూడదు కూడా. కానీ ఆ దారిలో తిన్న రొట్టె, తాగిన చక్కెర లేని టీ, కలిసిన మనుషులు ఇన్నేళ్ళయినా నన్ను వదలడం లేదు. చూడనివాళ్ళ కోసం రాసి పెడదామనిపించింది.

ఖైతాన్

నా పేరు రెడ్డెప్ప. అప్పట్లో కువైట్‌లోని ఖైతాన్ పేటలో ఒక పాత మేడ మీద, మా జిల్లావాళ్ళు ఇంకో ఐదుగురితో ఒకే గదిలో ఉండేవాణ్ణి. పని షువైఖ్‌లో. అక్కడి గ్యారేజీల వరసలో బండ్ల విడిభాగాలమ్మే ఒక కొట్టుకు డ్రైవర్ని. కొట్టు యజమానే నా కఫీల్, అంటే నా వీసాకూ నా ఉనికికీ పూచీ ఉన్న మనిషి. డెబ్బై దగ్గరపడిన పెద్దాయన. అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అని పిలిచేవాణ్ణి.

బాబాకు ఉర్దూ వచ్చు. అదీ బొంబాయి రేవు ఉర్దూ. వయసులో ఉన్నప్పుడు తండ్రితో కలిసి తెరచాప ఓడలో ఖర్జూరం వేసుకుని బొంబాయికి పోయేవాడట, బియ్యమూ టేకు చెక్కా వేసుకుని తిరిగొచ్చేవాడట. "మా చిన్నప్పుడు ఇక్కడ మీ రూపాయే నడిచేది, తెలుసా?" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పని లేని మధ్యాహ్నాల్లో టీ తాగుతూ ఆ రోజులన్నీ తిరగేసేవాడు.

"ఉత్తరం మీద లండన్ రాజు బొమ్మ. ఆ బొమ్మ మీద నల్లసిరాతో కువైట్ అని అచ్చు. ఇక్కడొక దొర ఉండేవాడు. ఆయన పైన ఇంకో దొర, ఆయన పైన మీ ఢిల్లీ, ఢిల్లీ పైన లండన్. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కానీ ఆ దొర సముద్రం చూసుకునేవాడే తప్ప మా గడప తొక్కలేదు. ఎక్కడో ఉన్నవాడు అంతవరకే ఉండాలి."

నేను మా తాత చెప్పిన సంగతి చెప్పాను. మా జిల్లాలను నైజాం నవాబు ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడనీ, అందుకే మా సీమకు దత్తమండలాలని పేరుండేదనీ.

బాబా టీ గ్లాసు కింద పెట్టాడు. "మిమ్మల్ని అడిగారా?"

"అడగలేదు బాబా."

"అడగరు," అని పెద్దగా నవ్వాడు.

ఆగస్టులో ఆ నవ్వు పోయింది. ఒక తెల్లవారుజామున ట్యాంకులు వచ్చాయి. నెల తిరిగేలోపే కువైట్ అనే దేశం లేదనీ, అది ఇరాక్‌లో ఒక జిల్లా అనీ రేడియోలో చెప్పారు. ఇక రోజుకో ఆజ్ఞ. వీధుల పేర్లు మారాయి. ఆస్పత్రుల పేర్లు మారాయి. గడియారాలు బాగ్దాదు వేళకు తిప్పుకోమన్నారు. నిన్నటిదాకా బరువైన కువైట్ దీనారూ, ఇరాక్ దీనారూ రెండూ ఇకమీద సమానమన్నారు. ఇవన్నీ నిర్ణయించినవాళ్ళు మా వీధి ఎటు ఉందో కూడా చూసినవాళ్ళు కారు.

పేర్లు మార్చినవాళ్ళు చెత్త మాత్రం ఎత్తలేదు. పనివాళ్ళంతా ఇళ్ళదారి పడుతుంటే చెత్తబండ్లు తోలింది ఆ వీధుల్లోని పంతుళ్ళూ ఇంజనీర్లూ. మా బాబా తన వీధి చివరి రొట్టెల బట్టీలో పిండి పిసికాడు. మొదటిరోజు ఆయన కాల్చిన రొట్టె ఒకవైపు మాడింది, ఇంకోవైపు పచ్చిగా ఉంది. అంతకుముందు ఇరవై ఫిల్సుల చిల్లరకు అమ్మే ఆ రొట్టెను ఆయన ఊరికే పంచిపెట్టేవాడు, జనం ఏమీ అనకుండా తినేవారు. వీధి పేర్ల పలకలను రాత్రికి రాత్రి ఎవరో ఊడబీకేశారు. దారి తెలియక సైనికులు మమ్మల్ని అడిగేవారు. పన్నెండేళ్ళుగా ఆ వీధుల్లోనే బండి తిప్పిన నేను "తెలీదు" అనేవాణ్ణి.

సెప్టెంబరులో బండ్ల మీదికి వచ్చింది ఆజ్ఞ. కువైట్ నంబరు పలకలు తీసేసి, ఇరాక్ పలకలు బిగించుకోవాలి. లేకపోతే పెట్రోలు పొయ్యరు.

"నేను మార్చను," అన్నాడు బాబా. "ఎండలో నిలబెట్టి తుప్పు పట్టనిస్తాను గానీ మార్చను."

బండి ఎవరి పేరున ఉండాలి

నాతో పాటు ఇంటికి పోవలసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు గంగులమ్మ. మా చిన్నమండెం దగ్గరి మనిషి, బాబా ఇంటికి రెండిళ్ళ అవతల పనిచేసేది. ఆమె యజమానులు ఎండాకాలం సెలవులకు లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయారు. అంత పెద్ద భవంతిలో రెండు నెలలు ఆమె ఒక్కతే ఉండి, చెట్లకు నీళ్ళు పోస్తూ గడిపింది.

"పాస్‌పోర్టు యాడుందక్కా?" అని అడిగాను.

"మామా బీరువాలో ఉండాదన్నా. ఇనప బీరువా. తాళం లండన్‌లో ఉండాది." అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు.

రెండో ఆమె మార్తమ్మ. పాలకొల్లు వైపు ఆమె, ఆస్పత్రిలో నర్సు. ఆమె వార్డులో మంచాలు కూడా సైనికుల లారీలకెక్కి బాగ్దాదు వైపు పోయాక, పేషెంట్లు లేని వార్డులో ఉండి చేసేదేమీ లేక బయల్దేరింది. గంగులమ్మకు ఒకసారి జ్వరమొస్తే చూసింది ఆమే. అప్పటి నుంచి ఇద్దరూ కలిసే ఉన్నారు.

బాడుగ బస్సులవాళ్ళు పాస్‌పోర్టు లేని మనిషిని ఎక్కించుకునేది లేదన్నారు. అందుకని నేను బాబా దగ్గరికి పోయాను. కొట్టులో ఒక పాత పికప్ ఉండేది, ముందు నలుగురు కూర్చోవచ్చు. అది ఇమ్మని అడిగాను. అడుగుతున్నంతసేపూ నాకు తెలుసు, పలక మార్చకుండా అది బస్రా దాకా కూడా పోదని. ఆయనకూ తెలుసు.

ఆయన సొరుగులోంచి కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసి నా ముందుకు తోశాడు. బండిని నా పేరున రాసిచ్చేశాడు.

"ఇది నీ బండి," అన్నాడు. "నువ్వు హిందీవి. నీ బండికి ఏ నంబరు పెట్టుకున్నా నాకు పనిలేదు. నా బండికి మాత్రం నేను మార్చలేదు. యల్లా, పో."

హిందీ అంటే అక్కడ మన దేశపు మనిషి అని అర్థం. అలా నా జీవితంలో మొదటిసారి నేనొక బండికి యజమానినయ్యాను. పలకలిచ్చే చోట పొద్దున్నే వరసలో నిలబడ్డాను. ఊడదీసిన పాత పలకలు గోడవారన గుట్టగా పడి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న గుమాస్తా నా కాగితం చూసి, "హిందీవి కదా, ఇందులో నీకేం బాధ?" అన్నాడు మర్యాదగానే. "బాధేమీ లేదు" అన్నాను. కొత్త పలక నా చేత్తో నేనే బిగించాను.

బయల్దేరే పొద్దున బాబా గేటు దాకా వచ్చాడు. రొట్టెల మూట ఇచ్చాడు. మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. ఒక్కసారి కూడా చూపు కిందికి, పలక మీదికి దించలేదు.

సఫ్వాన్

కువైట్ దాటి ఇరాక్‌లో తగిలే మొదటి ఊరు సఫ్వాన్. రెండూ ఒకే దేశమన్నారు కాబట్టి సరిహద్దు ఉండకూడదు. సోదా మాత్రం సరిహద్దులో కన్నా ఎక్కువే జరిగింది. పరుపులు విప్పారు, గంగులమ్మ వేరుశెనక్కాయల ఊరిబిండి పచ్చడి డబ్బా మూత తీసి వాసన చూశారు. మార్తమ్మ సంచిలో నల్లటి ముద్ద ఒకటి దొరికేసరికి ఒక సైనికుడు తుపాకి సర్దుకున్నాడు.

"ఆయ్, చింతపండండి బాబూ," అంది మార్తమ్మ కంగారుగా. "అన్నయ్యగారూ, మీరు చెప్పండి, చింతపండని."

అరబ్బీలో చింతపండును తమర్ హిందీ అంటారు, అంటే మన దేశపు ఖర్జూరం అని. నేనా మాట అనగానే ఆ సైనికుడి ముఖం మారిపోయింది. ముప్పై ఏళ్ళుంటాయి, రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. వాళ్ళ ఊళ్ళో ఉపవాస నెలలో అమ్మ దానితో పానకం చేసేదట. కొంచెం ఇస్తావా అని అడిగాడు. తుపాకి ఉన్నవాడు అడిగి తీసుకోవడం ఆ రెండు నెలల్లో నేను చూడలేదు. మార్తమ్మ సగం ముద్ద తుంచి చేతిలో పెట్టింది.

"చక్కెర?" అన్నాను.

"చక్కెర ఎక్కడిది?" అని నవ్వి, ఒక రెబ్బ నోట్లో వేసుకుని ముఖం చిట్లించి, పొమ్మని చెయ్యి ఊపాడు.

బస్రా

బస్రాలో మన దేశం ఆఫీసరు ఒకాయన, ఒక ఆవరణలో బల్ల వేసుకుని పాస్‌పోర్టు లేనివాళ్ళకు ప్రయాణం కాగితాలు రాసిస్తున్నాడని విన్నాం. పోయేసరికి ఖర్జూరపు చెట్ల నీడన మూడు వందల మంది దాకా ఉన్నారు. మా వంతు రెండో రోజు వచ్చింది. ఆఫీసరు ఉత్తరాదివాడు, నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. గంగులమ్మ పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుని, "రుజువేముంది?" అని హిందీలో అడిగాడు. ఇఖామా కార్డయినా, అంటే కువైట్‌లో ఉండటానికిచ్చే గుర్తింపు కార్డయినా ఉందా అన్నాడు. అదీ బీరువాలోనే.

గంగులమ్మకు హిందీ రాదు గానీ ఆ మాట అర్థమైంది. రెండు నెలలుగా అణచుకున్నదంతా బయటికొచ్చింది.

"యాడో బాగ్దాదులో ఉండే ఆయప్ప నువ్వు నా దేశమే అని నెత్తిన కూచుంటాండు. నా దేశమోళ్ళేమో నువ్వు మాదానివో కాదో రుజువు సూపీమంటారు. నేనేమన్నా బర్రెనా, ముద్దర ఏపిచ్చుకోని తిరగడానికి?"

ఆఫీసరు కలం ఆపి మార్తమ్మ వైపు చూశాడు. నేనైతే దాన్ని మెత్తగా చేసి చెప్పేవాణ్ణి. మార్తమ్మ మాటకు మాట ఇంగ్లీషులో అప్పజెప్పింది, బర్రెతో సహా.

ఆయన కోప్పడలేదు. చెంబులోంచి నీళ్ళు తాగాడు. "మీ ఊరికి ఉత్తరాలు తెచ్చేదెవరు?" అని అడిగాడు.

"బూబమ్మ కొడుకు. కాలు కొంచిం ఈడుస్తాడు. ఉత్తరమిచ్చి సెనిక్కాయలు అడుక్కోని పోతాడు."

ఆయన నవ్వేసి కాగితం రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది, మేమిద్దరం సాక్షి సంతకాలు చేశాం. ఇచ్చేటప్పుడు, "ఢిల్లీ దూరమే అమ్మా. అందుకే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది," అన్నాడు. గంగులమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. తర్వాత దారంతా ఆయన్ని దీవిస్తూనే ఉంది.

ఆ రెండు రోజులూ మేము బండి నిలిపింది ఒక ఖర్జూరపు తోటలో. కోతల కాలం. తోట పెద్దాయన మాకు నీళ్ళిచ్చాడు, తాజా పళ్ళు ఇచ్చాడు, వాళ్ళ ఆడవాళ్ళు బియ్యప్పిండి రొట్టె చేసి పంపారు. మన బియ్యప్పిండి రొట్టె లాంటిదే, కాకపోతే మందం. గంగులమ్మ దానికి ఊరిబిండి రాసి ఆ పెద్దాయనకే తిరిగి పెట్టింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం అడిగాడు.

బండి పలక చూసి, "కువైట్ నుంచా?" అన్నాడు. అవునన్నాను. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీకు ఇప్పుడొచ్చింది. మాకెప్పటి నుంచో ఉంది. ఈ చెట్టుకు ఎన్ని నీళ్ళు కావాలో కూడా బాగ్దాదులో రాస్తారు. ఖర్జూరపు చెట్టు ఎక్కనివాడు రాస్తాడు." అంతే అన్నాడు. మళ్ళీ గట్టిగా, అందరికీ వినబడేలా, "తినండి, తినండి" అన్నాడు.

తాజా పళ్ళు రుచిగా ఉన్నాయని ఆగకుండా తిన్న పాపానికి మరునాడు నాసిరియా దాకా ప్రతి పది మైళ్ళకూ బండి ఆపాల్సి వచ్చింది. తిన్నది నేనే, ఆపమన్నదీ నేనే. మార్తమ్మ మాత్రలిస్తూ, "పళ్ళు ఊరికే వచ్చాయని పొట్ట కూడా ఊరికే వచ్చిందనుకున్నారాండి అన్నయ్యగారూ?" అని నవ్వించింది. బండి టైరు కూడా ఆ రోజే పగిలింది. ఎడారి ఎండలో జాకీ కింద ఇసుక జారిపోతుంటే, గంగులమ్మ రోటిరాయిలా ఉన్న ఒక బండను ఎక్కడినుంచో దొర్లించుకొచ్చింది.

బాగ్దాదు

పెద్ద ఊరు. నది పక్కన దీపాలు, వెడల్పు రోడ్లు. ఏ మలుపు తిరిగినా ఒకే మనిషి ఫోటో. పెట్రోలు నీళ్ళకన్నా చవక. బండి నింపుకున్నా సీసా మంచినీళ్ళ ధర కాలేదు. బయటి దేశాలు సరుకులు ఆపేయడంతో చక్కెర మాత్రం ఎక్కడా లేదు. టీ కొట్టులో సన్న నడుమున్న చిన్న గ్లాసుల్లో నల్లటి టీ పోసి, పక్కన ఒక ఖర్జూరం పెట్టారు. కొరుక్కుని తాగాలి. నేనిప్పటికీ ఇంట్లో అప్పుడప్పుడూ అలా తాగుతాను, మా ఆవిడ తిడుతుంది.

నది ఒడ్డున చేపను వీపు వైపు చీల్చి, పుల్లలకు గుచ్చి, మంట చుట్టూ నిలబెట్టి కాలుస్తారు. ముగ్గురం కలిసి ఒకటి తీసుకున్నాం. మార్తమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "పులస కాదండి. పులసకి దీనికీ పోలికేటండి. కానీ గోదారి గాలి తగిలినట్టుందండి," అంది. తర్వాత తినలేకపోయింది. వార్డులో ఎవరో గుర్తొచ్చారట.

టీ కొట్టులో ఒక ముసలి బడిపంతులు మా పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, మార్తమ్మతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మార్తమ్మే నాకు తిప్పి చెప్పింది. "కువైట్, బస్రా అన్నీ ఒకప్పుడు ఒకటే. ఇంగ్లీషువాడు స్కేలు పెట్టి గీత గీశాడు. మేము ఆ గీత చెరిపాం, తప్పేముంది?" అన్నాడు. ఆ మాట ఆయన పైకి అనడం కాదు, మనసారా నమ్మే అంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"అక్కడివాళ్ళను అడిగారా?" అన్నాను నేను. మా బాబా నన్నడిగిన ప్రశ్నే.

"నా కొడుకు అక్కడే ఉన్నాడు, సైన్యంలో," అన్నాడు పంతులు. "వాణ్ణీ ఎవరూ అడగలేదు." మా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. వద్దంటే, అతిథులు కదా అన్నాడు. మాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

త్రేబిల్

ఇరాక్ చివర, జోర్డాన్‌కు పోయే దారిలో త్రేబిల్ చెక్‌పోస్టు. కనుచూపు మేర బండ్లు. ఒక్కొక్కరికి ఒక ఫారం ఇచ్చారు. అందులో ఎక్కడి నుంచి వస్తున్నారు అని ఒక గడి. మార్తమ్మ మూడు ఫారాలూ ఇంగ్లీషులో నింపింది. ఆ గడిలో కువైట్ అని రాసింది.

కిటికీ అవతలి అధికారి ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టాడు. "అలాంటి దేశం లేదు. ఇరాక్ అని రాయండి."

మార్తమ్మ కలం కింద పెట్టేసి నా వైపు తిరిగింది. "నేను రాయనండి. పదకొండేళ్ళు ఆ ఊరి జనానికి సూదులేశాను. ఆ పేరు మీద జీతం తిన్నాను. లేదంటే ఎలాగండి?"

అధికారి మా కాగితాలు పక్కన పడేసి తర్వాతివాళ్ళను పిలిచాడు. అప్పటికి పొద్దున తొమ్మిది. మధ్యాహ్నమయ్యేసరికి మేం తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. గంగులమ్మకు ముందురోజు నుంచే ఒళ్ళు వెచ్చగా ఉంది. బండి నీడలో పడుకుని ఉన్నది ఉన్నట్టుండి వాంతి చేసుకుంది. మార్తమ్మ ఆమె నాడి చూస్తూ పళ్ళు బిగించుకుని కూర్చుంది గానీ, రాస్తానని అనలేదు. అనమని నేనూ అడగలేకపోయాను.

గంగులమ్మే నన్ను పిలిచింది. "రాయి అన్నా. నువ్వు రాసినంత మాత్రాన ఊరు యాడికీ పోదు. యాడుండేది ఆడే ఉంటాది."

నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. నాకు అరబ్బీ అక్షరాలు వచ్చు. పెట్టెల మీద విడిభాగాల పేర్లు చదవడానికి బాబా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడు. ఆ అక్షరాలతోనే, మూడు ఫారాల మీదా, నా చేత్తో ఇరాక్ అని రాశాను. అధికారి చూసి, "చేతిరాత బాగుంది," అన్నాడు. ముద్ర కొట్టి ఇచ్చేశాడు. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

రువైషిద్

జోర్డాన్ వైపు మొదటి ఊరు రువైషిద్. బండ్లు ముందుకు పోనివ్వలేదు. ఇసుక మైదానంలో వందల బండ్ల మధ్య మాదాన్నీ వదిలేయమన్నారు. యజమానిగా నా భాగ్యం ఆరు రోజులు. డేరాల్లో పడ్డాం. పగలు నిప్పులు, సాయంత్రమైతే ఎముకలు కొరికే చలి. దుప్పట్ల కోసం తోపులాట, నీళ్ళ ట్యాంకరు వస్తే తోపులాట.

అయినా ఆ డేరాలు తలచుకుంటే మొదట నాకు గుర్తొచ్చేది రొట్టె వాసనే. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, వాళ్ళకే అంతంతమాత్రం అని చూస్తే తెలిసేది, బుట్టల్లో రొట్టెలూ ఉప్పులో ఊరిన ఆలివు కాయలూ టమేటాలూ తెచ్చి మా ముందు పెట్టిపోయేవారు. ఒకావిడ గంగులమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఇంటికి పోయి మేకపాల మజ్జిగ తెచ్చింది. ఎవరి ఆజ్ఞా లేదు, ఫారమూ లేదు. గంగులమ్మ గుటగుటా తాగి, "మన మజ్జిగే," అంది. రెండో రోజుకు లేచి కూర్చుంది.

మార్తమ్మ త్రేబిల్ నుంచి నాతో మాట్లాడలేదు. డేరాల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిస్తూ రోజంతా తిరిగేది. మూడో రోజు పొద్దున్నే నా పక్కన వచ్చి కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీరు రాయకపోతే గంగులమ్మ పోయేదండి. ఆ సంగతి నాకు తెలుసండి. తెలిసే మీ చేత రాయించాను. నా చెయ్యి శుభ్రంగా ఉంచుకున్నాను. అది తప్పండి."

నా రొట్టెలో సగం తుంచి ఇచ్చాను. తీసుకుంది.

బొంబాయి, కడప

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానం. బొంబాయి దీపాలు కనబడగానే ఎవరో ఏడుపు మొదలుపెట్టారు, ఇక అందరూ. కిందికి దిగాక బల్ల దగ్గర గుమాస్తా తలెత్తకుండానే "ఎక్కడి నుంచి?" అన్నాడు. మేం ముగ్గురం ఒక్కసారే "కువైట్" అన్నాం, కొంచెం గట్టిగానే. ఆయన రాసుకున్నాడు. అంతే. మార్తమ్మ అక్కడే వేరే రైలెక్కింది. గంగులమ్మనూ నన్నూ కడపలో దింపిన రైలు నాలుగు గంటలు ఆలస్యం. స్టేషను బయట సంగటి ముద్ద, శెనక్కాయల చారు తిన్నాం. ముద్ద మింగాక గాని ఇంటికొచ్చామని నమ్మకం కుదరలేదు.

మళ్ళీ షువైఖ్

యుద్ధం ముగిసి, కువైట్ మళ్ళీ కువైట్ అయ్యింది. రెండేళ్ళ తర్వాత బాబా నాకు వీసా పంపాడు. షువైఖ్‌లో కొట్టు సగం కాలిపోయి, కొత్త తలుపులతో ఉంది. ఆయన చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. బండి ఏమైందని అడగలేదు.

చెప్పాల్సింది నేనే చెప్పాను. త్రేబిల్‌లో ఏం జరిగిందో, మీరు నేర్పిన అక్షరాలతో నేనేం రాశానో, మూడుసార్లు రాశానని కూడా. చెబుతున్నంతసేపూ ఆయన జపమాల గింజలు తిప్పుతూనే ఉన్నాడు. కోపమొస్తే పడదామనే వచ్చాను.

ఆయన లేచి కొట్టు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మీరు పోయాక చలికాలంలో మామాకు సుస్తీ చేసింది," అన్నాడు ఉర్దూలో, మెల్లగా. మామా అంటే ఆయన భార్య. "మందు కావాలంటే వాళ్ళ గుర్తింపు కార్డు ఉండాలన్నారు. ఇరాక్ పౌరుణ్ణని సంతకం పెట్టాలి. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పోయి వరసలో నిలబడ్డాను. ఆ గుమాస్తా నా మనవడి వయసువాడు. పేరు అడిగాడు, చెప్పాను. దేశం అడిగాడు, ఇరాక్ అని చెప్పాను."

"మామా?"

"బాగుంది. అల్‌హందులిల్లాహ్. నీ కోసం చేప వండుతోంది, మధ్యాహ్నం ఇంటికి రా."

వీధిలో ఆయనకు పెద్ద పేరు. పలక మార్చని మనిషి అని చెప్పుకునేవారు, కొడుకులు కూడా గర్వంగా చెప్పుకునేవారు. కార్డు సంగతి ఆయన వాళ్ళెవరికీ చెప్పలేదు. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.